గ్రోత్ ప్లాన్ ఎక్కడ ఉండాలి: హెచ్ఆర్ సాఫ్ట్‌వేర్‌లోనా, ఇద్దరూ రాసుకునే డాక్‌లోనా?

కొత్తగా టీమ్ లీడ్ అయినవాళ్లు పదేపదే అడిగే ప్రశ్న ఇది. ఒక్కొక్కరి గ్రోత్ ప్లాన్, అంటే ఆ మనిషి ఏం నేర్చుకోవాలి, ఎందులో మెరుగుపడాలి అని రాసుకునేది, కంపెనీ ఇచ్చిన సాఫ్ట్‌వేర్‌లో పెట్టాలా, లేక ఆ మనిషీ మేనేజరూ కలిసి రాసుకునే గూగుల్ డాక్ సరిపోతుందా?

సాఫ్ట్‌వేర్ బలం తక్కువేమీ కాదు. గడువు దగ్గరపడితే అదే గుర్తుచేస్తుంది. ఎవరికి ఏ ట్రైనింగ్ కావాలో పైవాళ్లకు ఒక్కచోట కనిపిస్తుంది కాబట్టి బడ్జెట్ అడగడం తేలిక. అన్నిటికీ మించి, మేనేజర్ మారినా ప్లాన్ పోదు. డాక్‌కు ఇవేవీ లేవు. ఇద్దరిలో ఒకరు పట్టించుకోకపోయినా అది మూలన పడుతుంది.

అయినా నా ఓటు డాక్‌కే. రాసింది ఎవరు చదువుతారు, అది జీతం దాకా వెళ్తుందా అన్నదే నా దృష్టిలో అసలు విషయం. రేటింగ్ ఉన్న స్క్రీన్‌లోనే 'నేను మెరుగుపడాల్సినవి' అనే గడి ఉంటే అక్కడ నిజం రాసేవాళ్లు అరుదు. 'క్లయింట్ ముందు నోరు పెగలదు' అని మనసులో ఉన్నా 'కమ్యూనికేషన్ స్కిల్స్ పెంచుకోవాలి' అని రాస్తారు. అది చదివిన మేనేజర్ మహా అయితే ఓ కోర్సు లింకు పంపగలరు. అసలు మాట తెలిస్తే, వచ్చే డెమోలో ఐదు నిమిషాలు వాళ్లకే అప్పగించి పక్కన కూర్చోవచ్చు.

ఇది ఎప్పుడో తేలిన సంగతే. జనరల్ ఎలక్ట్రిక్‌లో చేసిన అధ్యయనం 1965లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో వచ్చింది. విమర్శ విన్న ఉద్యోగి తనను సమర్థించుకోవడంలో పడతాడు తప్ప మెరుగుపడడని, జీతం గురించిన మాటనూ మెరుగుదల గురించిన మాటనూ విడదీయాలని అందులో చెప్పారు. సాఫ్ట్‌వేర్ కంపెనీ అడోబీ 2012లో వార్షిక రివ్యూలు మానేసి, ఏడాది పొడవునా మాట్లాడుకునే 'చెక్-ఇన్' పద్ధతికి మారింది.

రేటింగ్ ఇచ్చేదీ అదే మేనేజర్ కదా అంటారు. నిజమే. అందుకే డాక్‌లో ఒప్పుకున్న బలహీనతను అప్రైజల్‌లో కారణంగా చూపకూడదు. ఒక్కసారి చూపితే, ఆ తర్వాత డాక్‌లోనూ 'కమ్యూనికేషన్ స్కిల్స్' మాత్రమే మిగులుతాయి.

డాక్ ఉద్యోగి పేరుతోనే తెరవాలి. మేనేజర్ మారితే కొత్తవారికి దాన్ని చూపించాలో వద్దో వాళ్లే నిర్ణయించుకుంటారు. లక్ష్యం కళ్లకు కనిపించే పనిగా ఉండాలి: 'ఎస్‌క్యూఎల్ (డేటాబేస్ నుంచి సమాచారం తీసే భాష) నేర్చుకోవాలి' అని కాదు, 'నెలవారీ రిపోర్టు ఎవరి సాయం లేకుండా తీయాలి' అని. పక్కనే మేనేజర్ ఏం చేస్తానన్నారో కూడా రాయాలి. చాలా ప్లాన్లలో లేనిది ఈ గడే. ఇక నెలకోసారి ఇద్దరే కూర్చుని మాట్లాడుకునే వన్-ఆన్-వన్‌లో మొదటి పది నిమిషాలు దీనికే ఇచ్చి, తేదీ వేసి రెండు వాక్యాలు రాస్తే ట్రాకింగ్ అయిపోయినట్టే.

ఎక్సెల్ షీట్ తేదీలకు పనికొస్తుంది, మాటలకు కాదు. ఓకేఆర్‌లు (లక్ష్యాన్నీ, దాన్ని కొలిచే ఫలితాలనూ కలిపి రాసే పద్ధతి) టీమ్ లక్ష్యాలకు సరే, ఒక మనిషి ఎదుగుదలకు కాదు.

సాఫ్ట్‌వేర్ తప్పనిసరి అని కంపెనీ అంటే, ఆ మనిషి సరేనన్న రెండు లక్ష్యాలే అందులో పెట్టి మిగతాది డాక్‌లో ఉంచండి. ఒక్కరి కింద ఇరవై మంది ఉండి, నెలకోసారి మాట్లాడడమే కుదరదంటే మాత్రం సాఫ్ట్‌వేరే నయం.