బరువు ఆపరేషన్‌కి ఇన్సూరెన్స్ అప్రూవల్: మా పాలసీకి మూడు స్టార్లు, ఆ డెస్క్ అమ్మాయికి అయిదు

మాది ఒడిశాలోని బరంపురం. పట్టుచీరల కొట్టు. తాతల నాడు మగ్గాల మీద బతికిన కుటుంబం, ఇప్పుడు మగ్గం లేదు, పరుపు మీద కూర్చుని అమ్మడమే. పొద్దున పది నుంచి రాత్రి తొమ్మిది దాకా అదే పరుపు. వయసు 44, బరువు 108 కిలోలు. 2024 దసరాకి ముందు ఇచ్ఛాపురం నుంచి వచ్చిన ఒక ముసలమ్మకి చీర విప్పి చూపిస్తూ, కొంగు చేతిలో ఉండగానే నిద్రపోయాను. ఆవిడ నా మోకాలు తట్టి, "బాబూ, చీర మడతెట్టేసి పడుకో, నలిగిపోద్ది" అంది. కొట్లో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. రాత్రి మా ఆవిడ మాత్రం నవ్వలేదు. నిద్రలో నా ఊపిరి ఆగిపోవడం ఆమె చాలా రోజులుగా చూస్తోందట.

డిసెంబరులో విశాఖపట్నం వెళ్లి స్లీప్ స్టడీ చేయించుకున్నాం. గంటకి సగటున 46 సార్లు ఊపిరి ఆగడమో తగ్గడమో జరుగుతోందని వచ్చింది. 30 దాటితేనే తీవ్రం అంటారు. సర్జన్ స్లీవ్ ఆపరేషన్ చెప్పారు. పొట్టలో ముప్పావు వంతు పైగా తీసేసి, మిగిలినదాన్ని గొట్టంలా కుట్టేస్తారు. నాలుగు లక్షల దాకా అవుతుందన్నారు. 2020 నవంబరులో తీసుకున్న అయిదు లక్షల పాలసీ ఉంది. ఏజెంటుకి ఫోన్ చేస్తే, "బరువు ఆపరేషన్లకి ఏ కంపెనీ ఇవ్వదు సార్, అది అందం కోసం చేసుకునేది" అన్నాడు. అది పాతమాట. 2019లో ఐఆర్‌డీఏఐ, అంటే బీమా కంపెనీలని అదుపు చేసే సంస్థ, ఈ ఆపరేషన్ల విషయంలో అన్ని కంపెనీలకీ ఒకే షరతులు పెట్టింది. నా పాలసీ కాగితాల్లోనే ఉన్నాయి. నేను చదవలేదు, అతనూ చదవలేదు.

ఆ షరతులు ఇవీ. డాక్టరు సలహా మీద చేయాలి, వైద్య ప్రమాణాల ప్రకారం ఉండాలి, 18 ఏళ్లు నిండాలి. బీఎంఐ, అంటే ఎత్తుకి బరువు ఎంత ఉందో చూసే లెక్క, 40 ఉంటే సరే. లేదంటే కనీసం 35 ఉండి, దాంతోపాటు నాలుగు జబ్బుల్లో ఒకటైనా ఉండాలి: ఊబకాయం వల్ల గుండె కండరం దెబ్బతినడం, గుండె రక్తనాళాల జబ్బు, తీవ్రమైన స్లీప్ ఆప్నియా (నాలాగా నిద్రలో ఊపిరి ఆగే జబ్బు), అదుపులో లేని టైప్ 2 షుగర్. బీపీ, మోకాళ్ల నొప్పి ఆ నాలుగింటిలో లేవు. నేను మోకాళ్ల ఎక్స్‌రేలన్నీ మోసుకెళ్లాను, ఎవరూ కవరు కూడా విప్పలేదు. ఈ 40, 35 అంకెలు 1991 నాటి అమెరికా సిఫారసులవట. 2022లో సర్జన్ల సంఘాలే వాటిని తగ్గించాయని, మన ఆసియా వాళ్లకి ఇంకా తక్కువ చాలని సర్జన్ చెప్పారు. "మీ కంపెనీకి మాత్రం ఇంకా 1991వ సంవత్సరమే" అన్నారు.

నా బీఎంఐ 37. తీవ్రమైన స్లీప్ ఆప్నియా ఉంది. ఇక అడ్డేముంది అనుకున్నాం.

ఆస్పత్రి ఇన్సూరెన్స్ డెస్క్ నుంచి కాగితాలు పంపారు. క్యాష్‌లెస్ (మనం ముందు కట్టకుండా కంపెనీయే నేరుగా ఆస్పత్రికి కట్టడం) అడిగితే గంటలో తేల్చాలని 2024 మేలో వచ్చిన ఐఆర్‌డీఏఐ సర్క్యులర్‌లో ఉంది. మాకు గంట లోపే జవాబొచ్చింది, నిర్ణయం కాదు, ప్రశ్న. జబ్బు ఎప్పటి నుంచి ఉందో రాయమన్నారు. డాక్టరు నన్నడిగితే నేను తెలీదన్నాను. మా ఆవిడ "గురక పెళ్లైనప్పటి నుంచీ ఉందండీ" అంది. డెస్క్ అమ్మాయి పెన్ను పక్కన పెట్టి మా ఇద్దరి మొహాలూ చూసింది. పాలసీకి నాలుగేళ్లు దాటాయి, పాలసీకి ముందే ఉన్న జబ్బులకి డబ్బివ్వకుండా పెట్టిన గడువు అయిపోయింది కాబట్టి బతికిపోయాం. లేకపోతే ఆ ఒక్క మాటకే ఫైలు మూతపడేది. గురక చాలా ఏళ్లుగా ఉందనీ, జబ్బని తేలింది మాత్రం 2024 డిసెంబరులోననీ ఉన్నదున్నట్టు డాక్టరు రాసిచ్చారు.

రెండో ప్రశ్న అసలైనది. ఆపరేషన్ కాకుండా వేరే పద్ధతులేం ప్రయత్నించారు, అవి ఫలించలేదనడానికి రుజువేమిటి అని. షరతుల్లో ఆ ముక్క కూడా ఉంది, బీఎంఐ 35 వాళ్లకి. తిండి మానలేకపోయానని రుజువు ఎలా చూపించను? మా ఆవిడ తెలుగు క్యాలెండర్ మీద ప్రతి ఆదివారం నా బరువు రాసేది. ఏకాదశి పక్కన 104, అమావాస్య పక్కన 106. అవి పంపితే కుదరదన్నారు. జిమ్ రసీదులు పంపితే ఒడియాలో ఉన్నాయి, ఇంగ్లీషులోకి మార్చి సంతకం పెట్టించి పంపమన్నారు. ఆ రసీదులు చూస్తే నాకే సిగ్గేసింది. ఆర్నెల్లకి డబ్బు కట్టి పదకొండు రోజులు వెళ్లాను.

చివరికి ఆదుకున్నది మా వీధి చివర ఉండే పాత డాక్టరుగారు. ఎనభైకి దగ్గరపడ్డ మనిషి. జలుబుకి వెళ్లినా ముందు బరువు తూచి చీటీ మూల మీద రాస్తారు, దాని కింద "అన్నం తగ్గించు, నడువు" అని ఇంగ్లీషులో ఒక ముక్క. నాకు అది చాదస్తంగా ఉండేది. అయితే మా అమ్మ కాగితం పారేయదు. చీర పెట్టుకునే అట్టపెట్టెలో అయిదేళ్ల చీటీలన్నీ ఉన్నాయి. 97, 99, 101, మళ్లీ 98, 104. తేదీ, సంతకం, స్టాంపు. డైట్ చార్టు ఇచ్చినట్టు రెండు చీటీల్లో ఉంది. 23 చీటీలు స్కాన్ చేసి పంపాం. రుజువు ప్రశ్న అక్కడితో ఆగింది.

అంతా అయిందనుకున్నాక క్యాష్‌లెస్ నిరాకరణ వచ్చింది. కారణం: బీఎంఐ 34.1.

డెస్క్ అమ్మాయి లెక్క తిరగేసి చూసింది. పాలసీ తీసుకున్నప్పుడు ప్రపోజల్ ఫారంలో నా ఎత్తు అయిదడుగుల పది అంగుళాలు. నా అసలు ఎత్తు అయిదు ఏడు. ఏజెంటు మా కొట్లోనే కూర్చుని ఫారం నింపుతూ, "అయిదు పది ఉంటారా సార్?" అన్నాడు. ఎదురుగా కస్టమర్లు. "ఆ, ఉంటాను" అన్నాను. ఆ మూడంగుళాలూ నాలుగేళ్ల తర్వాత ఇలా బయటపడ్డాయి. కొట్లో ఇంచు తేడా రాకుండా గుడ్డ కొలిచేవాణ్ణి, నన్ను నేను కొలుచుకోలేదు.

ఇక్కడే ఆ అమ్మాయికి అయిదు స్టార్లు. నిరాకరించింది క్యాష్‌లెస్‌ని, క్లెయిమ్‌ని కాదు, కంగారు పడకండి అని ముందు కూర్చోబెట్టింది. నన్ను గోడ స్కేలుకి ఆనించి నిలబెట్టి కొలిచారు, 170 సెంటీమీటర్లు. సర్జన్ సంతకంతో లెటరు, కొలుస్తున్నప్పటి ఫొటో జతచేసింది. ఫారంలో ఎత్తు తప్పు పడిందని, బరువు గానీ జబ్బు గానీ దాచలేదని నా చేత ఒక పేజీ రాయించింది. కంపెనీ ఫిర్యాదుల విభాగానికి కూడా ఒక కాపీ పెట్టించింది. నెల రోజుల్లో తేల్చకపోతే మీది ఒడిశా కాబట్టి భువనేశ్వర్‌లో ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ (బీమా ఫిర్యాదులు విని తీర్పిచ్చే అధికారి) ఉన్నారు, ఫీజు లేదు, 50 లక్షల దాకా తీర్పు ఇవ్వచ్చు అంది. అంతదూరం పోలేదు. ఎనిమిదో రోజు అప్రూవల్ వచ్చింది. మెసేజ్ వచ్చేసరికి నేను కొట్లో నిద్రలో ఉన్నాను, తమ్ముడు లేపి చెప్పాడు.

2025 ఫిబ్రవరిలో ఆపరేషన్. దాని గురించి పెద్దగా చెప్పడానికి లేదు, బాగా చేశారు, మర్నాడే నడిపించారు.

మొత్తం బిల్లు 3,92,000. కంపెనీ కట్టింది 3,38,000. తేడా 54,000 నా జేబులోంచి. గ్లౌజుల్లాంటివి ఇవ్వరని తెలుసు. పెద్ద దెబ్బ గది. నా పాలసీలో రోజుకి 5,000 పరిమితి, మా మావగారు "అల్లుడికి కిటికీ ఉన్న గది కావాలి" అని పట్టుబట్టి 6,500ది తీసుకున్నారు. అలా పరిమితి దాటితే గది అద్దెలో తేడాతో వదలరు. మందులు, పరీక్షలు తప్ప డాక్టరు ఫీజు, థియేటరు చార్జీ కూడా అదే నిష్పత్తిలో కోస్తారు. ఆ కిటికీలోంచి పార్కింగ్ కనిపించేది.

నాకు నిజంగా కోపమొచ్చింది స్లీప్ స్టడీ బిల్లు దగ్గర. చేరడానికి ముందు 30 రోజుల ఖర్చులే ఇస్తారు. మాది 52వ రోజు. ఆలస్యం చేసింది వాళ్ల ప్రశ్నలే, పోగొట్టుకున్నది నేను. డిశ్చార్జి రోజు కూడా మూడు గంటల్లో తేల్చాల్సింది అయిదు గంటలు కూర్చోబెట్టారు.

ఇంత రాసి కంపెనీ పేరు రాయలేదేం అంటారేమో. ఇంకా వాళ్ల దగ్గర నాకు డబ్బు రావాలి. ఆపరేషన్ తర్వాత 60 రోజుల రక్తపరీక్షలు, కన్సల్టేషన్లు కలిపి 11,400కి బిల్లులు పంపాను, పరిశీలనలో ఉన్నాయంటున్నారు. అవి వస్తే ఇంకో అర స్టారు కలుపుతాను. ఇప్పుడు బరువు 89. రెన్యువల్ ఫారం ఈసారి నేనే నింపాను, కొట్లో టేపు తీసి తమ్ముడి చేత కొలిపించుకుని.