నల్లబల్ల పక్కన 75 అంగుళాల ప్యానెల్: మూడో ఏడాదిలో ఒక లెక్కల టీచర్ సమీక్ష

మా క్లాసు గోడకు వేలితో తాకితే పనిచేసే డిజిటల్ తెర, అదే ప్యానెల్, బిగించి వెళ్లిన మర్నాడు పదో తరగతి వాళ్లకు నేనిచ్చిన మొదటి లెక్క దాని మీదే. అట్టపెట్టె మీద 75 అంగుళాలని రాసుంది కదా, అది పొడవా, ఎత్తా? రెండూ కాదు, కర్ణం. పొడవుకీ ఎత్తుకీ నిష్పత్తి 16:9. పైథాగరస్‌ను సాయం పిలిస్తే పొడవు 65 అంగుళాల పైచిలుకు, ఎత్తు 37కి కాస్త తక్కువ తేలాయి. వైశాల్యం 17 చదరపు అడుగులు కూడా లేదు. పక్కనున్న నల్లబల్లను టేపు పెట్టి కొలిస్తే 12 అడుగులకు 4 అడుగులు, అంటే 48. "అయితే పాతదే పెద్దది కదా టీచర్" అన్నాడు వెనక బెంచీ నుంచి ఒకడు. వాడు తమాషాకే అన్నాడు. కానీ ఇన్నాళ్లు వాడాక ఈ ప్యానెల్ గురించి నేను చెప్పాలనుకున్నది సగానికి పైగా ఆ మాటలోనే ఉంది.

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల స్కూల్ అసిస్టెంట్‌ని. 2023లో బడుల బాగుకోసం పెట్టిన నాడు-నేడు పథకం రెండో విడతలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ హైస్కూళ్లకు ఇంటరాక్టివ్ ఫ్లాట్ ప్యానెళ్లు వచ్చాయి. కాగితాల్లో దాని పేరు ఐఎఫ్‌పీ. మేం ప్యానెల్ అంటాం. పిల్లలు ఇప్పటికీ 'టీవీ' అనే అంటారు. నిజానికి మొదటి ఆరు నెలలు నాకూ అది టీవీయే.

మాకిచ్చిన శిక్షణలో ఆన్ చెయ్యడం, ఆఫ్ చెయ్యడం, పెన్ను రంగు మార్చడం చూపించారు. పాఠం ఎక్కడ మొదలుపెట్టాలో ఎవరూ చెప్పలేదు. దాంతో నాకు చేతనైంది వీడియో వెయ్యడం. త్రికోణమితి మీద మంచి వీడియో దొరికింది, వేశాను. నలభై మందీ గప్‌చుప్. అటుగా వెళ్తూ హెడ్మాస్టర్ గారు కిటికీలోంచి చూసి సంతోషించారు, నేనూ సంతోషించాను. పరీక్ష పెట్టి పేపర్లు దిద్దాక ఆ సంతోషం ఆవిరైంది. "వీడియోలో సార్ చెప్తుంటే అంతా వచ్చేసినట్టే ఉంది టీచర్" అంది ఒక పిల్ల, చాలా నిజాయితీగా. ఆ గప్‌చుప్ శ్రద్ధ కాదు, సినిమా హాల్లో ఉండే నిశ్శబ్దం.

ఇప్పుడు వీడియో వేస్తే రెండు మూడు నిమిషాలకు మించి వెయ్యను. అదీ సౌండ్ తీసేసి వేస్తాను. బొమ్మ వాళ్లది, మాట నాది. నడుమ ఆపి "తర్వాత ఏమవుతుందో చెప్పండి" అంటే గొడవ మొదలవుతుంది. ఆ గొడవే నాకు కావాల్సింది. పాఠ్యపుస్తకాల్లో ముద్రించిన దీక్ష (ప్రభుత్వ ఆన్‌లైన్ పాఠాల వేదిక) క్యూఆర్ కోడ్‌లు కూడా ఇలాగే వాడుకుంటాను. ప్యానెల్‌తో స్కాన్ చెయ్యలేక మొదట్లో తంటాలు పడ్డాను. ఆ గళ్ల బొమ్మతో పాటే ఆరు అక్షరాల కోడ్ ఉంటుంది, అది టైపు చేసినా అదే పాఠం తెరుచుకుంటుంది. ఇంత చిన్న సంగతి తెలియడానికి నాకు నాలుగు నెలలు పట్టింది.

అసలు మలుపు జియోజీబ్రాతో వచ్చింది. ఆస్ట్రియాలో సాల్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో మార్కస్ హోహెన్‌వార్టర్ 2001లో మొదలుపెట్టిన, లెక్కల బొమ్మలూ గ్రాఫులూ గీసి కదిలించే సాఫ్ట్‌వేర్ ఇది. బడిలో వాడుకోవడానికి డబ్బు కట్టక్కర్లేదు. ఒకసారి ఎక్కించుకుంటే నెట్ లేకపోయినా పనిచేస్తుంది. మా బడికి ఈ చివరి గుణమే ప్రాణం. వేసవి సెలవుల్లో ఇంట్లో ఫోన్ మీద కూర్చుని నేర్చుకున్నాను. నేర్పింది ఎవరో కాదు, ఇంటర్ చదివే మా చిన్నవాడు. "అమ్మా, ముందు ఆ స్లైడర్ పట్టుకుని లాగు, భయపడకు" అనేవాడు, విలువను పెంచి తగ్గించే జారుడు బొత్తాన్ని చూపిస్తూ, నేను పిల్లలతో మాట్లాడే గొంతుతోనే.

వర్గ సమీకరణం నిర్వచనం చెప్పేటప్పుడు ఎక్స్ వర్గం ముందున్న 'ఏ' సున్నా కాకూడదు అని ప్రతి ఏడాదీ బోర్డు మీద రాస్తాను, కింద రెండు గీతలు కొడతాను. పిల్లలు బట్టీ పడతారు. నిరుడు వర్గ బహుపది గ్రాఫ్ ప్యానెల్ మీద పెట్టి, ఏ, బీ, సీలకు మూడు స్లైడర్లు పెట్టి, ఒక అమ్మాయిని పిలిచి ఆడుకోమన్నాను. 'ఏ' పెద్దదయ్యే కొద్దీ పరావలయం సన్నబడింది. తగ్గిస్తుంటే నోరు తెరుచుకుంది. ఇంకా తగ్గించింది, పళ్లెంలా పరుచుకుంది. సున్నా దగ్గరికి రాగానే టక్కున సరళరేఖ అయిపోయింది. ఇటు దాటగానే బోర్లా పడింది. "టీచర్! సున్నా దగ్గర గీతైపోయింది, అందుకా వద్దన్నారు!" నా సర్వీసులో ఆ షరతుకు కారణం ఒక పిల్ల నోటి నుంచి రావడం అదే మొదటిసారి. ఎందుకని నన్ను అంతకు ముందు ఎవరూ అడగలేదు, నేనూ వాళ్లను అడగలేదు.

టాన్ 90 డిగ్రీలకు విలువ నిర్వచించం అన్నది కూడా ఇంతే. కోణాన్ని 89 దాకా తీసుకెళ్తే విలువ 57 పైన. 89.9 దగ్గర 572 దాటుతుంది. 89.99 అంటే ఐదు వేల పైమాట. గీత తెర దాటి పైకి పోతుంటే పిల్లలు తలలెత్తి సీలింగ్ కేసి చూశారు. స్పర్శరేఖల పాఠంలో, వృత్తాన్ని రెండు చోట్ల ఖండించే ఛేదనరేఖకు సమాంతరంగా వరసగా గీసిన గీతల బొమ్మ పుస్తకంలో ఉంటుంది. దాన్నే ప్యానెల్ మీద వేలితో జరిపితే వృత్తం మీది రెండు చుక్కలూ దగ్గరికొచ్చి, దగ్గరికొచ్చి ఒకటవుతాయి. పుస్తకంలో ఆ బొమ్మ కదల్లేదు కాబట్టి అన్ని గీతలు గీయాల్సొచ్చింది. ఇక్కడ ఒక్క గీత చాలు.

కదిలే దాన్ని చూపించడానికి దీన్ని మించింది లేదు. కదలని దానికి నాకు నల్లబల్లే కావాలి. లెక్క చేసేటప్పుడు పిల్లవాడి కన్ను ఆరో మెట్టు దగ్గర ఆగి, మళ్లీ రెండో మెట్టుకి వెళ్లి వస్తుంది. నల్లబల్లను నాలుగు భాగాలు చేసుకుంటే పీరియడంతా ఎదురుగానే ఉంటుంది. ప్యానెల్ మీద పేజీ తిప్పగానే పైన రాసింది మాయం. "టీచర్, వెనక పేజీ!" "టీచర్, ముందు పేజీ!" ఈ రెండు కేకల మధ్య రెండు నెలలు నలిగి, లెక్కలు చెయ్యడం మళ్లీ సుద్దముక్కకే అప్పగించాను. మా గదిలో అదృష్టవశాత్తూ ప్యానెల్‌ను పక్కగోడకు బిగించారు. తొమ్మిదో తరగతి గదిలో బోర్డుకు సరిగ్గా నడుమ బిగించి వెళ్లారు. అక్కడ లెక్కలు చెప్పే మాస్టారు బోర్డుకు అటు రెండు మెట్లు, ఇటు రెండు మెట్లు రాస్తూ తిరుగుతుంటారు.

సంభావ్యతకు మొదట నిజం నాణేలే. ఒక్కొక్కరూ 50 సార్లు ఎగరేసి రాసుకోవాలి. బొమ్మ 31 సార్లు పడ్డవాడు నాణెం దొంగదంటాడు, 19 పడ్డవాడు బెంచీ బాగాలేదంటాడు. ఆ తర్వాతే ప్యానెల్ మీద వెయ్యి సార్లు, పదివేల సార్లు ఎగరేయిస్తాను. సగం దగ్గర సర్దుకోవడం చూస్తారు. ఈ వరస తిరగేస్తే పాఠం చచ్చిపోతుంది, చేసి చూశాను. క్షేత్రమితికి ప్యానెల్ తెరవను. పాలడబ్బా, ఐస్‌క్రీం కోను, క్రికెట్ బంతి చాలు. కింది తరగతుల నిర్మాణాలకు కొయ్య వృత్తలేఖినే. మా ఫిజికల్ సైన్స్ మాస్టారు ఫెట్ సిమ్యులేషన్ల (తెర మీదే చేసి చూసే ప్రయోగాల) మీద విద్యుత్ వలయాలు చేయిస్తారు. కొలరాడో విశ్వవిద్యాలయం వాళ్లు 2002లో మొదలుపెట్టినవి, తెలుగులోనూ కొన్ని ఉన్నాయి. అక్కడ బల్బు కాలిపోయినా రూపాయి ఖర్చు లేదంటారాయన.

ఇక ఇబ్బందులు. మా ప్యానెల్‌లో టచ్ పనిచేసేది అద్దం వల్ల కాదు. అంచుల వెంట కంటికి కనిపించని పరారుణ కిరణాలు ఇటు నుంచి అటు పోతుంటాయి. వాటికి ఏది అడ్డొచ్చినా వేలు పెట్టినట్టే లెక్క. చీర కొంగు తగిలితే గీత పడుతుంది, అరచెయ్యి ఆనితే పేజీ జరుగుతుంది. సుద్దపొడి అంచులో పేరుకుంటే ఎవరూ ముట్టకుండానే చుక్కలు పడుతుంటాయి. మా గదిలో ఒక బల్లి కూడా ఉంది. స్పర్శరేఖల పాఠం మధ్యలో అది ప్యానెల్ మీదికొచ్చి సౌండ్ పూర్తిగా పెంచేసి, సెట్టింగులు తెరిచి, తాపీగా గోడెక్కి వెళ్లిపోయింది. క్లాసు మళ్లీ దారిలో పడటానికి పది నిమిషాలు పట్టింది. రోజూ ఉదయం పొడి మెత్తని గుడ్డతో నాలుగు అంచులూ తుడిస్తే చుక్కల బెడద చాలావరకు పోతుంది. పడమటి కిటికీ ఎండ మూడు గంటలకు నేరుగా తెర మీద పడేది. నా పాత నేత చీర ఒకటి కర్టెన్‌గా కట్టాం. కరెంటు పోతే మళ్లీ ఆన్ అయి పాఠం తెరుచుకోడానికి మూడు నాలుగు నిమిషాలు. నలభై అయిదు నిమిషాల పీరియడ్‌లో రెండుసార్లు పోయిందంటే ఇక సుద్దే గతి.

రెండో ఏడాది ఎడమ సగంలో టచ్ చచ్చిపోయింది. ఫిర్యాదు నంబరు వచ్చింది, మనిషి రాలేదు. హెడ్మాస్టర్ గారు మూడు ఉత్తరాలు రాశాక, ఏడో వారంలో ఒక కుర్రాడు బస్సు దిగి వచ్చి ఇరవై నిమిషాల్లో బాగుచేశాడు. ఆ జిల్లాకంతా తనొక్కడేనట. టీ తాగించి పంపాం, ఏమంటాం? ఆ ఏడు వారాలూ స్లైడర్లన్నీ కుడివైపుకు మార్చుకుని నెట్టుకొచ్చాను.

నేను ఊహించని లాభం ఒకటుంది. మిరపకోతల రోజుల్లో మా పిల్లల్లో పది పన్నెండు మంది వారాలకు వారాలు బడికి రారు. ప్యానెల్ మీద గీసిన బొమ్మల పేజీలూ, నల్లబల్లకు తీసిన ఫోటోలూ కలిపి రోజూ సాయంత్రం వాట్సాప్‌లో పెడుతున్నాను. ఫోను నాన్న దగ్గరుంటుంది, నాన్న రాత్రికి వస్తాడు. చూసేది ఎనిమిదింటి తర్వాత, అదీ కొందరే. అయినా కోతలయ్యి తిరిగొచ్చినవాడు "ఎక్కడున్నాం టీచర్" అని అడగడం తగ్గింది.

ఒక కదిలే బొమ్మ సొంతంగా తయారు చేసుకోవడానికి నాకు ఇప్పటికీ గంట పడుతుంది. ఇప్పటికి 23 అయ్యాయి. పాఠాల వారీగా పేర్లు పెట్టి రెండు పెన్‌డ్రైవ్‌లలో దాచాను. నాకు త్వరలో బదిలీ ఉండొచ్చు. ఒక పెన్‌డ్రైవ్ నాతో వస్తుంది, రెండోది స్టాఫ్‌రూం బీరువాలో తుడిచే గుడ్డ పక్కన పెట్టి వెళ్తాను. కర్టెనూ వదిలేస్తాను. బల్లి సంగతి మాత్రం వచ్చేవాళ్లే చూసుకోవాలి.