ఫారెక్స్ కార్డు: అక్కడ బుద్ధిగా, ఇక్కడ మొండిగా

మా పాలమూరులో ఎవరికైనా మొదటిసారి వీసా వస్తే, సూట్‌కేసు కొనకముందే అడిగే మాట ఒకటుంది. "టీచరమ్మా, పైసలు ఎట్లా తీసుకపోవాలె?" మా అమ్మాయి దుబాయ్‌లో, అబ్బాయి డాలస్‌లో ఉంటారు. రిటైరైనప్పటి నుంచి నేనూ మా ఆయనా ఇద్దరి దగ్గరికీ పోయి వస్తున్నాం. ఖర్చులకు వాడేది ఒక బ్యాంకు ఇచ్చిన ఫారెక్స్ కార్డే, అంటే విదేశీ డబ్బు ముందే నింపుకుని అక్కడ గీసుకునే ప్రీపెయిడ్ కార్డు. ఇన్నేళ్ల వాడకంలో తేలింది ఇది: కార్డు పరాయి దేశంలో చెప్పినట్టు వింటుంది, సతాయించేదంతా మన ఊళ్లోనే.

ముందు మంచి చెప్తాను. కార్డులో డాలర్లు నింపిన రోజు రేటే ఖాయం. తర్వాత రూపాయి ఎంత పడిపోయినా మన డాలర్లు తగ్గవు. పింఛను మీద బతికేవాళ్లకు ఇది పెద్ద ధైర్యం. మామూలు డెబిట్, క్రెడిట్ కార్డులు చాలావాటికి విదేశీ ఖర్చు మీద మూడున్నర శాతం దాకా మార్కప్ (బ్యాంకు అదనంగా వేసుకునే ఛార్జీ) ఉంటుంది, దాని మీద మళ్లీ 18 శాతం జీఎస్టీ. అంటే లక్ష ఖర్చు పెడితే 4,130 రూపాయలు ఊరికే పోతాయి. ఫారెక్స్ కార్డులో లక్ష రూపాయల డాలర్లు కొంటే జీఎస్టీ 180 రూపాయలే. అలాగని కార్డు చవక అనుకోవద్దు. ఫోన్‌లో కనిపించే రేటుకూ బ్యాంకు మనకు అమ్మే రేటుకూ తేడా ఉంటుంది, అసలు వాత అక్కడే. రెండు మూడు చోట్ల రేటు అడిగి కానీ డబ్బు కట్టొద్దు. ఈ మధ్య మార్కప్ లేని కార్డులూ వచ్చాయి, వాటినీ కనుక్కోండి.

దుబాయ్ పోయేవాళ్లు డాలర్లు కాదు, దిర్హాములే నింపించుకోవాలి. డాలర్ల కార్డు అక్కడ గీస్తే కరెన్సీ మార్పిడి పేరుతో ఇంకో కోత పడుతుంది. ఏ దేశంలోనైనా మిషన్ "రూపాయల్లో కడతారా?" అని అడిగితే వద్దనండి. మర్యాదగానే అడుగుతుంది, రేటు మాత్రం ఘోరంగా వేస్తుంది. అక్కడి కరెన్సీయే నొక్కాలి. దుబాయ్‌లో కొన్ని దుకాణాల్లో యూపీఐ కూడా నడుస్తుంది, కానీ యాప్‌లో అంతర్జాతీయ చెల్లింపులు ముందే ఆన్ చేసుకోవాలి. దాన్నొక్కదాన్నే నమ్ముకుని విమానం ఎక్కొద్దు.

అమెరికాలో దుకాణాల్లో ఇబ్బంది లేదు. పెట్రోలు బంకు దగ్గర మాత్రం మిషన్ జిప్ కోడ్ అడుగుతుంది, మన పిన్‌కోడ్ దానికి ఎక్కదు. లోపలికి పోయి కౌంటర్‌లో ముందే కట్టేస్తే సరిపోతుంది. కారు అద్దెకు, హోటల్ డిపాజిట్‌కు ప్రీపెయిడ్ కార్డంటే చాలాచోట్ల ఒప్పుకోరు, ఒప్పుకున్నా పైసలు కొన్నాళ్లు బ్లాక్ చేసి పెడతారు. వాటికి క్రెడిట్ కార్డే దిక్కు. అన్నట్టు, డాలస్‌లో బట్టల మీద రాసిన ధర చూసి లెక్క వేసుకోవద్దు. బిల్లులో 8.25 శాతం పన్ను కలుస్తుంది.

ఇక మన ఊరి సంగతి. మా బ్రాంచిలో ఫారెక్స్ కార్డు కావాలంటే ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పాస్‌పోర్టు, వీసా, టికెట్, పాన్ జిరాక్సులు ఇచ్చి, ఏ2 ఫారం (విదేశీ డబ్బు కొనడానికి ఇచ్చే దరఖాస్తు) మీద సంతకాలు పెడితే కాగితాలు హైదరాబాద్ పోయాయి. అందుకే ప్రయాణానికి పదిహేను రోజుల ముందైనా మొదలుపెట్టాలి. తర్వాత డబ్బు నింపడం యాప్‌లోనే అవుతుంది, అది కూడా బ్యాంకు పనిదినాల్లోనే. శుక్రవారం సాయంత్రం పంపితే సోమవారం దాకా ఎదురుచూడటమే. ఓటీపీ ఇండియా సిమ్‌కే వస్తుంది కాబట్టి రోమింగ్ వేయించుకోకుండా బయల్దేరొద్దు. అన్నిటికంటే ఒళ్లు మండేది మిగిలిన డాలర్లు వెనక్కి తీసుకునేటప్పుడు. బ్రాంచికి పోయి అర్జీ రాయాలి, వాళ్లు కొనే తక్కువ రేటుకే ఇస్తారు. పోనీలే అని బీరువాలో పడేస్తే, వాడటం లేదంటూ ఫీజు కోస్తారు! ఈ ఒక్కదానికే నేను రెండు మార్కులు తగ్గిస్తాను.

నోట్లు కొంచెం దగ్గర ఉండాల్సిందే. ఒక్కో ప్రయాణానికి 3,000 డాలర్ల దాకా నోట్లు తీసుకోనిస్తారు, మాకు రెండు మూడు వందలకు మించి ఎప్పుడూ అక్కర పడలేదు. అవి హైదరాబాద్‌లో లైసెన్సున్న మనీ ఛేంజర్ దగ్గర రసీదుతో కొనండి. రూపాయలు నగదుగా కట్టేదుంటే 50,000 లోపే తీసుకుంటారు. విమానాశ్రయం కౌంటర్ మీద ఆధారపడొద్దు, రేటు ఎక్కువ. మన రూపాయలు కూడా 25,000 దాకా వెంట ఉంచుకోవచ్చు, వచ్చాక హైదరాబాద్ ఆరాంఘర్‌లో మహబూబ్‌నగర్ బస్సు ఎక్కడానికి పనికొస్తాయి. మిగిలిన నోట్లలో 2,000 డాలర్ల దాకా ఇంట్లో ఉంచుకోవచ్చు, అంతకు మించినవి 180 రోజుల్లో బ్యాంకుకు గానీ మనీ ఛేంజర్‌కు గానీ అమ్మేయాలి. చిల్లర నాణేలు ఇక్కడెవరూ తీసుకోరు, తిరుగు విమానం ఎక్కేలోపు అక్కడే ఖర్చు పెట్టేయండి.