గ్రిప్ ట్రైనర్, అలైన్‌మెంట్ స్టిక్: ఏడాది పైగా వాడాక

నేను గోల్ఫ్ ఆడతాను, నాది కుడిచేతి వాటం. దూరం కొట్టే పొడవాటి క్లబ్ డ్రైవర్‌తో కొడితే బంతి తిన్నగానే బయల్దేరి, చివర్లో కుడివైపు చెట్లలోకి తిరిగిపోయేది. ఈ స్లైస్ తగ్గించుకోవడానికే రెండు వస్తువులు కొన్నాను. ఒకటి పట్టు (గ్రిప్) సరిచేసుకోవడానికి క్లబ్‌కి తగిలించే గ్రిప్ ట్రైనర్, రెండోది నిలబడే తీరు, గురి చూసుకునే నాలుగడుగుల సన్నని కడ్డీ, అలైన్‌మెంట్ స్టిక్.

ట్రైనర్‌ని 7-ఐరన్ అనే లోహపు తల క్లబ్‌కి తగిలిస్తే వేళ్లు ఎక్కడ పడాలో అక్కడ గుంటలుంటాయి. మొదట్లో చాలా ఇబ్బందిగా ఉంటుంది. ఎందుకంటే మనలో చాలామంది క్లబ్‌ని ఎడమ అరచేతిలో పట్టుకుంటాం. నిజానికి అది వేళ్లలో ఉండాలి: చూపుడువేలి మధ్య కణుపు నుంచి చిటికెనవేలి మొదలు దాకా ఏటవాలుగా. అలా పట్టుకుని కిందికి చూస్తే ఎడమచేతి మెటికలు రెండు, రెండున్నర కనిపిస్తాయి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పడే గీత కుడి చెవికీ కుడి భుజానికీ మధ్యకి చూపాలి. గడ్డం వైపు చూపిందంటే పట్టు వీక్ అన్నమాట, అంటే వదులని కాదు, చేయి ఎడమకి ఎక్కువ తిరిగిందని. బంతికి తగిలేసరికి క్లబ్ ఫేస్ (బంతిని కొట్టే ముఖం) కుడికి తెరుచుకుని ఉంటుంది, ఇక బంతి కుడికే పోతుంది.

ఇంట్లో టీవీ చూస్తూ రోజూ కాసేపు పట్టుకుని కూర్చోవడానికి దీన్ని మించింది లేదు. కోచ్ దగ్గర సరిచేసుకున్న పట్టు మర్నాటికి జారిపోకుండా కాపాడింది ఇదే. బంతులు కొట్టి ప్రాక్టీస్ చేసే రేంజ్‌లో మాత్రం అంత నచ్చలేదు. ఎండాకాలం చెమటకి జారుతుంది, బంతులు కొట్టేకొద్దీ వదులవుతుంది. పైగా నేను కొన్నది వార్డన్ గ్రిప్ (కుడి చిటికెనవేలిని ఎడమచేతి వేళ్ల మీద ఆనించే పట్టు) కొలతకి చేసింది. గోల్ఫర్లు జాక్ నిక్లాస్, టైగర్ వుడ్స్‌లా కుడి చిటికెనవేలిని ఎడమ చూపుడువేలితో మెలేసి పట్టుకునేవాళ్లకి ఆ వేలు ఎక్కడా ఇమడదు. పట్టు ఎంత బిగించామో కూడా ఇది చెప్పదు. ముంజేతులు బిగుసుకుంటే గ్రిప్ ఎంత సరిగ్గా ఉన్నా స్వింగ్ సాగదు.

నా ఆటని ఎక్కువ మార్చింది స్టిక్కే. దాన్ని వీపుకి నిలువుగా ఆనించుకోవాలి. తల వెనక, భుజాల మధ్య, తుంటి వెనక, ఈ మూడు చోట్లా తగలాలి. ఇప్పుడు ఆ మూడూ వదలకుండా తుంటి దగ్గర ముందుకి వంగండి. మోకాళ్లు కొంచెం సడలించండి, బరువు పాదం మధ్యలో ఉంచండి, చేతులు భుజాల నుంచి వేలాడనివ్వండి. రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్లకి వీపు వెంటనే గూనుగా అయిపోతుంది. స్టిక్ భుజాల దగ్గర మాత్రమే తగిలి, మిగతా రెండు చోట్లా దూరంగా ఉండిపోతుంది. వీపు అలా ఉంటే భుజాలు సరిగా తిరగవు, చేతులతో లాగి కొడతాం. క్లబ్ బయటి నుంచి లోపలికి కోసుకుంటూ వస్తుంది. స్లైస్‌కి ఇదీ కారణమే.

అదే స్టిక్‌ని పాదాల ముందు నేల మీద పెడితే గురి తెలిసిపోతుంది. స్లైస్ ఉన్నవాళ్లు బంతి కుడికి పోతుందని తమకి తెలియకుండానే ఎడమకి తిరిగి నిలబడతారు, దాంతో అది ఇంకా ముదురుతుంది.

రౌండ్ ఆడేటప్పుడు రూల్స్ ప్రకారం స్ట్రోక్ కోసం ఈ రెండూ వాడకూడదు. క్లబ్‌కి తగిలించిన ట్రైనర్ తీసేయడం గుర్తుంచుకోండి.

స్లైస్ పూర్తిగా పోలేదు. ఐరన్లతో దాదాపు లేదు. డ్రైవర్‌తో మాత్రం అలసిపోయిన చివరి హోల్స్‌లో ఇంకా కనిపిస్తుంది, కానీ బంతి ఫెయిర్‌వే (పొట్టిగా కత్తిరించిన గడ్డి దారి) పక్కనే దొరుకుతోంది. ఒక్కటే కొనాలంటే స్టిక్ కొనండి. ట్రైనర్ కూడా కావాలనుకుంటే ముందు మీ క్లబ్ పిడి సైజు చూసుకోండి, నా ట్రైనర్ లావు పిడి మీద అసలు కూర్చోలేదు.