టోర్ మీదుగా డెబియన్ అప్‌డేట్లు: ఏళ్లుగా వాడుతున్న అనుభవం

ముందే చెప్పేస్తాను. టోర్ అంటే మనమెవరో తెలియకుండా ట్రాఫిక్‌ను రిలేలనే కొన్ని కంప్యూటర్ల మీదుగా తిప్పి పంపే నెట్‌వర్క్. దాని మీదుగా ఆపరేటింగ్ సిస్టమ్ అప్‌డేట్ చేసుకోవడం నెమ్మదే, కానీ డెబియన్ అనే లినక్స్‌లో స్టేబుల్ వెర్షన్ వాడేవాళ్లకు అదేమంత కష్టం కాదు. ఫెడోరా అనే మరో లినక్స్‌లో కష్టమే. టెయిల్స్ (పెన్‌డ్రైవ్ నుంచి నడిచే, నెట్ వాడకాన్ని టోర్ మీదుగా పంపే సిస్టమ్) వాడేవాళ్లకైతే ఆటోమేటిక్ అప్‌గ్రేడ్లు టోర్ మీదుగానే వస్తాయి. నా లాప్‌టాప్‌లో డెబియన్ 10 ఉన్నప్పటి నుంచి అప్‌డేట్లు దాదాపు అన్నీ టోర్ మీదుగానే వస్తున్నాయి, ఒకసారి ఇంటి బ్రాడ్‌బ్యాండ్ మీద, ఒకసారి ఫోన్ హాట్‌స్పాట్ మీద.

"అప్‌డేట్‌లో దాచడానికేముంది?" అని చాలామంది అడుగుతారు. డెబియన్ ప్యాకేజీలు మామూలుగా హెచ్‌టీటీపీ మీద, ఎన్‌క్రిప్షన్ లేకుండా వస్తాయి. డిజిటల్ సంతకం ఉంటుంది కాబట్టి ఎవరైనా మారిస్తే తెలిసిపోతుంది. కానీ నేను ఏ ప్యాకేజీ, ఏ వెర్షన్ దించుకున్నానో దారిలో ఉన్నవాళ్లందరికీ కనిపిస్తుంది. ఏది ఇంకా దించుకోలేదో కూడా దాన్నిబట్టే తెలుస్తుంది, అంటే నా మెషీన్‌లో ఏ లోపం ఇంకా తెరిచి ఉందో కూడా. ఇంకో కారణం ఉంది, నాకు అసలు నచ్చింది అదే: అడుగుతున్నది ఎవరో మిర్రర్‌కు (ప్యాకేజీల కాపీలు అందించే సర్వర్‌కు) తెలియకపోతే, ఒక్క మనిషిని ఎంచుకుని వాడికి మాత్రం తేడా ఫైలు పంపడం కుదరదు.

పెట్టుకోవడం సులువు. ఆప్ట్ అనేది డెబియన్‌లో ప్యాకేజీలు దించి ఇన్‌స్టాల్ చేసే ప్రోగ్రామ్. ఆప్ట్-ట్రాన్స్‌పోర్ట్-టోర్ అనే ప్యాకేజీ వేసుకుని, ఎక్కడి నుంచి దించుకోవాలో రాసి ఉండే సోర్సెస్ ఫైలులో అడ్రస్‌ల ముందు 'టోర్ ప్లస్' అని చేరిస్తే చాలు. ఇంకా మంచిది, డెబియన్ సొంత ఆనియన్ అడ్రస్‌లు, అంటే టోర్ లోపలే తెరుచుకునే అడ్రస్‌లు, వాడటం. 2016 ఆగస్టు నుంచీ ఉన్నాయవి. నెట్‌లో దొరికే పాత గైడ్లను మాత్రం నమ్మకండి. వాటిలో ఉండే 16 అక్షరాల అడ్రస్‌లు పాత వెర్షన్‌వి, 2021 చివర్లో టోర్ వాటిని పూర్తిగా తీసేసింది. ఇప్పటివి 56 అక్షరాలు, కాపీ చేసుకోవాల్సిందే.

ఆనియన్ ఎందుకంటే, అక్కడ ఎగ్జిట్ రిలే (ట్రాఫిక్ టోర్ దాటి మామూలు నెట్‌లోకి వెళ్లే చివరి రిలే) అనేదే ఉండదు. 2014లో రష్యాలోని ఒక ఎగ్జిట్ రిలే తన మీదుగా వెళ్లే విండోస్ ప్రోగ్రాముల్లో హానికరమైన కోడ్ కలుపుతోందని జోష్ పిట్స్ అనే పరిశోధకుడు బయటపెట్టాడు. డెబియన్‌కు సంతకాలున్నాయి కదా అనుకుంటే, 2019 జనవరిలో ఆ ఆప్ట్‌లోనే లోపం బయటపడింది. రీడైరెక్ట్‌ల (సర్వర్ వేరే అడ్రస్‌కు మళ్లించడం) సంగతి సరిగ్గా చూసుకోకపోవడం వల్ల, మధ్యలో కూర్చున్నవాడు తనకు కావలసిన ప్యాకేజీని రూట్ హక్కులతో (సిస్టమ్ మీద పూర్తి అధికారంతో) ఇన్‌స్టాల్ చేయించగలిగేవాడు. ఆ ఒక్క అప్‌డేట్ వరకు రీడైరెక్ట్‌లు ఆపేసి దించుకోమని డెబియన్ చెప్పింది. ఆనియన్‌లో దారి మొత్తం ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది కాబట్టి మధ్యలో కూర్చునేవాడికి చోటు లేదు.

ఇక వేగం. మామూలు టోర్ దారిలో మూడు రిలేలు, ఆనియన్‌కు సాధారణంగా ఆరు. ప్యాకేజీ జాబితా తొమ్మిది మెగాబైట్లకు అటూ ఇటూ ఉంటుంది, అదొచ్చేలోపు టీ పెట్టుకోవచ్చు. కర్నెల్, ఫైర్‌ఫాక్స్ ఒకేరోజు వస్తే వంద మెగాబైట్లు దాటుతుంది, అప్పుడు భోజనం చేసి రావచ్చు. లిబ్రెఆఫీస్ కూడా తోడైతే రాత్రి వదిలేసి పడుకోవడమే. అయితే ఎంత నెమ్మదనేది చాలావరకు సర్క్యూట్ (టోర్ మనకు ఎంచిన రిలేల దారి) అదృష్టం. జరుగుతున్న డౌన్‌లోడ్ తన సర్క్యూట్‌నే పట్టుకుని ఉంటుంది, ఎంత పాకుతున్నా సరే. ఆనియన్ కాని మామూలు టోర్ దారిలోనైతే, ఒక సర్క్యూట్‌ను వాడటం మొదలై పది నిమిషాలు దాటితే కొత్త కనెక్షన్లకు టోర్ దాన్ని ఇవ్వదు. కాబట్టి అక్కడ డౌన్‌లోడ్ చచ్చీచెడీ నడుస్తుంటే పది నిమిషాల తర్వాత కంట్రోల్-సీ కొట్టి మళ్లీ మొదలుపెడితే చాలాసార్లు తేడా కనిపిస్తుంది.

అలా ఆపేస్తే ఏదో పాడవుతుందేమోనని కొత్తవాళ్లకు టెన్షన్. డౌన్‌లోడ్ దశలో ఏమీ కాదు. ఆప్ట్‌లో నాకు బాగా నచ్చిన గుణం ఇదే: అన్ని ప్యాకేజీలూ చేతికొచ్చాకే ఇన్‌స్టాల్ మొదలుపెడుతుంది. మధ్యలో నెట్ పోయినా, కరెంటు పోయి రౌటర్ ఆగినా, సిస్టమ్ పాత స్థితిలోనే ఉంటుంది. సగం వచ్చిన ఫైలు పార్షియల్ అనే ఫోల్డర్‌లో ఉంటుంది, తర్వాత అక్కడి నుంచే కొనసాగుతుంది. నేను డౌన్‌లోడ్-ఓన్లీ ఆప్షన్‌తో రాత్రి దించుకుని, పొద్దున తీరిగ్గా ఇన్‌స్టాల్ చేస్తాను. రీట్రైస్ (మళ్లీ ప్రయత్నించే) సంఖ్య పెంచుకుంటే కనెక్షన్ కాసేపు తెగినా అదే చూసుకుంటుంది.

ఇంత మెచ్చుకున్నా, 2022-23 చలికాలాన్ని మాత్రం మర్చిపోలేను. 2022 వేసవి నుంచి టోర్ నెట్‌వర్క్ మీద వరుసగా డీడాస్ దాడులు (లెక్కలేనంత ట్రాఫిక్‌తో ముంచెత్తడం) జరిగాయి. నెట్‌వర్క్ నెమ్మదించిన మాట నిజమేనని టోర్ ప్రాజెక్టే 2023 ఫిబ్రవరిలో ఒప్పుకుంది. ఆనియన్ అడ్రస్‌లు కొన్ని రోజులు తెరుచుకునేవి కావు. 2023 ఆగస్టులో వచ్చిన టోర్ 0.4.8 వెర్షన్‌లో ఆనియన్ సర్వీసులకు ప్రూఫ్-ఆఫ్-వర్క్ రక్షణ (కనెక్టయ్యే కంప్యూటర్ ముందు ఒక లెక్క చేసి చూపాలి) పెట్టారు, ఒకే ట్రాఫిక్‌ను రెండు సర్క్యూట్ల మీద పంచే కాన్‌ఫ్లక్స్ కూడా తెచ్చారు. ఆ తర్వాత నా దగ్గర పరిస్థితి మెరుగైంది. అప్పటి నుంచి ఒక నియమం పెట్టుకున్నాను: బ్రౌజర్‌లో ఎవరో ఇప్పటికే వాడుకుంటున్న లోపానికి ప్యాచ్ వచ్చి, టోర్ ఆరోజు మొరాయిస్తే, మామూలు దారిలోనే దించేస్తాను. గోప్యత కోసం రెండు రోజులు లోపంతో తిరగడం నా లెక్కలో నష్టమే.

ఎవరూ ముందుగా చెప్పని చిక్కు గడియారం. టోర్ మీద టీసీపీ తప్ప మరేదీ వెళ్లదు, నెట్ ద్వారా గడియారాన్ని సరిచేసే ఎన్‌టీపీ నడిచేదేమో యూడీపీ అనే వేరే పద్ధతి మీద. పాత లాప్‌టాప్‌లో మదర్‌బోర్డు బ్యాటరీ అయిపోయి తేదీ ఏళ్ల వెనక్కి వెళ్తే టోర్ కనెక్టే కాదు, ఆప్ట్ ఏమో "రిలీజ్ ఫైలు ఇంకా చెల్లుబాటు కాలేదు" అంటుంది. మన దగ్గర ఇంకో తిప్పలు: విండోస్ హార్డ్‌వేర్ గడియారంలో లోకల్ టైమ్ రాస్తుంది, టెయిల్స్ దాన్ని యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) అనుకుంటుంది, దాంతో ఐదున్నర గంటలు ముందుకెళ్లిపోతుంది. బ్రిడ్జి (టోర్‌ను అడ్డుకునే చోట్ల వాడే రహస్య రిలే) వాడేవాళ్లు కనెక్షన్ దగ్గరే ఆగిపోతే ముందు చూడాల్సింది ఇదే.

ఫెడోరా గురించి రెండు ముక్కలు చాలు. మెటాడేటానే (ప్యాకేజీల వివరాల జాబితా) పదుల మెగాబైట్లు, పైగా చాలా మిర్రర్లు టోర్ ఎగ్జిట్‌లను చూడగానే 403 (అనుమతి లేదు) అంటాయి. అక్కడ ఆప్ట్ పని చేసే డీఎన్ఎఫ్ ఒక్కో మిర్రర్ తలుపూ తడుతూ టైమ్‌ఔట్ అవుతుంటుంది. నేను మానేశాను.

టెయిల్స్‌లో చిన్న అప్‌గ్రేడ్లు హాయిగా ఉంటాయి. 4.2 నుంచి ఏ వెర్షన్ నుంచైనా నేరుగా తాజాదానికి వెళ్లవచ్చు, డౌన్‌లోడ్ అయ్యాక ఇన్‌స్టాల్ చేసేటప్పుడు భద్రత కోసం నెట్‌వర్క్‌ను అదే ఆపేస్తుంది. ఆ సమయంలో ఇంకే పనీ పెట్టుకోవద్దు. 5 నుంచి 6కు మారినట్టు పెద్ద మార్పులు మాత్రం ఆటోమేటిక్‌గా రావు, మొత్తం ఇమేజ్ దించుకోవాలి. రోజుకు రెండు జీబీ ప్యాక్ మీద బతికేవాళ్లకు ఆరోజు కోటాలో చాలా భాగం దానికే. మా స్నేహితుల్లో ఒకరు దించుకుంటారు, మిగతావాళ్ల పెన్‌డ్రైవ్‌లను ఆ టెయిల్స్ నుంచే క్లోన్ చేసి అప్‌గ్రేడ్ చేస్తాం. దానికి నెట్ అక్కర్లేదు, పర్సిస్టెంట్ స్టోరేజ్‌లో దాచుకున్నవి ఎక్కడివక్కడే ఉంటాయి.