చాబీ గడియారం: పదకొండేళ్ల వాడకం

వారానికోసారి చాబీ ఇచ్చే ఈ లోలకం గడియారం నల్లగొండలో పాత ఇంటి గోడమీద పదకొండేళ్లుగా నడుస్తోంది. సెకన్ల లెక్కన టైము కావాలనుకునేవాళ్లు కొనొద్దు. మామూలు బ్యాటరీ గడియారంలోని క్వార్ట్జ్ పలుకు సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది; నెలకు పది పదిహేను సెకన్ల తేడా వస్తే ఎక్కువ. ఈ లోలకం గడియారానికి అంత తేడా రెండు రోజుల్లోనే వస్తుంది.

ఆగిపోతే అందరూ స్ప్రింగును అంటారు. ఎక్కువసార్లు తప్పు గోడది. మట్టిగోడ కింద లావు, పైన సన్నం. పెట్టె వెనక్కి వాలి, లోలకం బిళ్ల వెనక చెక్కకు రాసుకుంటుంది. పెట్టె పైభాగం వెనక సన్నని చెక్కముక్క దూర్చితే సరి. ఆ తరవాత చెవి పెట్టి వినాలి. టిక్కుకూ టక్కుకూ మధ్య ఎడం సమంగా ఉండాలి. 'టిక్‌టక్... టిక్‌టక్' అని కుంటుతుంటే కాసేపట్లో ఆగిపోతుంది. పెట్టె అడుగును కుడికో ఎడమకో గోరుమందం జరుపుతూ సమం చేసి, రెండు పక్కలా గోడమీద పెన్సిల్ గీత పెట్టుకోండి. సున్నాలప్పుడు దించినా మళ్లీ అక్కడే కూర్చుంటుంది.

సుమారు 25 సెంటీమీటర్ల లోలకం ఇది, సెకనుకు రెండు టిక్కులు. పొడవులో ఒక్క మిల్లీమీటరు తేడా వస్తే రోజుకు దాదాపు మూడు నిమిషాలు మారుతుంది. అందుకే బిళ్ల కింది నట్టును పావు చుట్టుకు మించి తిప్పకూడదు, తిప్పాక ఒక రోజంతా చూడాలి. పైకి తిప్పితే జోరు, కిందికి తిప్పితే నెమ్మది. ఎండకాలం ఇంట్లో వేడి చలికాలం కంటే పదిహేను డిగ్రీలు పెరిగితే ఉక్కు కడ్డీ సాగి రోజుకు ఎనిమిది సెకన్లు, వారానికి నిమిషం దాకా వెనకబడుతుంది. ఇత్తడి కడ్డీ అయితే ఇంకా ఎక్కువ. మార్చిలో పదో వంతు చుట్టు పైకి, దసరా దాటాక అంతే కిందికి.

టైము ఫోన్ చూసి పెట్టుకోండి. నీడను నమ్మితే మోసమే: మన టైము 82.5 డిగ్రీల రేఖాంశానిది కాబట్టి నల్లగొండలో పొద్దు నడినెత్తికి వచ్చేసరికి సగటున 12:13, పాలమూరులో 12:18. ఫిబ్రవరిలో ఇంకో పద్నాలుగు నిమిషాలు ఆలస్యం. (పానగల్లు ఛాయా సోమేశ్వరం గుడిలోనైతే గర్భగుడిలోని నీడ పొద్దంతా కదలనే కదలదు!)

కొబ్బరినూనె మాత్రం వేయొద్దు. జిగురై, దుమ్ము పట్టి ఇరుసు రంధ్రాలను అరగదీస్తుంది. గడియారం నూనె సూదిమొనతో ఒక్కో ఇరుసుకు ఒక్క చుక్క, అంతే.

చాబీ ప్రతి ఆదివారం, రెండు రంధ్రాలకూ. కుడిది నడకకు, ఎడమది గంటలకు. అరగంటలతో కలిపి రోజుకు 180 దెబ్బలు కొట్టాలి కదా, ఎడమది మరిస్తే లెక్క తప్పుతుంది: ముల్లు నాలుగు మీద ఉంటే రెండే కొడుతుంది. లోపలి తీగను వేలితో లేపి ఒక్కో లెక్క కొట్టించుకుంటూ రావాలి. పెద్ద ముల్లును వెనక్కి తిప్పొద్దు. గడియారం ముందుందా? లోలకాన్ని ఆపి, టైము వచ్చిందాకా ఆగి వదలండి.