మూడు బాణాల ముందు నాలుగేళ్లు

పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష తెరవగానే మూడు బాణం గుర్తులు (>>>) పెట్టుకుని కూర్చునే ఆ నల్ల విండోని నేను నాలుగేళ్లుగా రోజూ వాడుతున్నాను, సాఫ్ట్‌వేర్ వాణ్ని మాత్రం కాదు, గాజువాకలో లారీ లోడ్ల లెక్కలు చూస్తాను. ద్వారకానగర్‌లో కోచింగ్‌కి వెళ్తే అక్కడి సార్ ఒక్క పూట చూపించి "ఇది ఆటకి, అసలు పని ఫైల్లో" అని మూయించేశారు. నాకు ఇదే అన్నం పెట్టింది.

ఒక లైను కొట్టి ఎంటర్ నొక్కితే జవాబు కిందే. ప్రింట్ అని రాయక్కర్లేదు. పైగా చివరి జవాబు అండర్‌స్కోర్‌లో ఉంటుంది: 18 టన్నులు, టన్నుకి 650 అని 18 * 650 కొడితే 11700, ఆ కింద _ * 5 / 100 అంటే కమిషన్ 585.0 వచ్చేస్తుంది.

మొదటివారం మాత్రం టెన్షనే. 0.1 + 0.2 కొడితే 0.30000000000000004 అంది, ఏటిది, పైథాన్ పాడైందా అనుకున్నాను. తప్పు దానిది కాదు, 0.1ని కంప్యూటర్ వాడే 0, 1 అంకెల (బైనరీ) పద్ధతిలో కచ్చితంగా పట్టలేరట, అప్పట్నుంచి డబ్బంతా పైసల్లో పూర్ణాంకాలుగానే వేస్తున్నాను. ఫర్ లూప్ (ఒకే పనిని మళ్లీమళ్లీ చేయించే లైన్లు) కొట్టాక మూడు చుక్కలు (...) వస్తే హ్యాంగ్ అయిందని పావుగంట చూశాను, ఖాళీగా ఇంకో ఎంటర్ కొట్టాలంతే. ఎక్కడో కోట్ మూయడం మర్చిపోయి ఇరుక్కుంటే కంట్రోల్ సి.

ఇంట్లో ఓసారి "విశాఖ"కి లెన్ (ఎన్ని అక్షరాలో లెక్కపెట్టేది) కొట్టి చూపిస్తే 5 వచ్చింది. మూడో క్లాసు చదివే మా అమ్మాయి వేళ్ల మీద లెక్కపెట్టి, "నాన్నా, మూడే కదా, దీనికి తెలుగు రాదా?" అంది. గుడి, దీర్ఘం విడిగా లెక్కేస్తుందమ్మా అని చెప్పాను, ఒప్పుకోలేదు.

పెద్ద లోపం ఒకటుంది. విండో మూస్తే వేరియబుల్స్, అంటే పేర్లు పెట్టి దాచుకున్న విలువలు, అన్నీ పోతాయి. ఒక మధ్యాహ్నం కరెంటు పోయి, బ్యాటరీ ముందే చచ్చిన లాప్‌టాప్ ఆరిపోయి, పక్షం రోజుల లోడ్లు గోవిందా. ఇప్పుడు పది లైన్లు దాటితే ఫైల్లోకే, సార్ చెప్పింది అక్కడికి నిజమే.

2024 అక్టోబర్‌లో వచ్చిన పైథాన్ 3.13 వెర్షన్ బాగుంది. రంగులొచ్చాయి, పై బాణం నొక్కితే లూప్ మొత్తం ఒకేసారి వెనక్కొస్తుంది, ఎగ్జిట్ అంటే బ్రాకెట్లు లేకుండానే వెళ్లిపోతుంది, ముందైతే బ్రాకెట్లు పెట్టమని పాఠం చెప్పేది. ఆఫీసు సిస్టంలో ఇంకా విండోస్ 7, అందులో 3.8 దాటి ఎక్కదు, కాబట్టి సాయంత్రం ఆరింటికి రోజూ బ్రాకెట్లు కొట్టే ఇంటికెళ్తున్నాను.